పాత పియానోకి ధర కట్టి అమ్మడం: బరంపురం, పర్లాకిమిడి వైపు వాళ్ల కోసం

పియానో అమ్ముదామన్న మాట ఇంట్లో పుట్టగానే అందరూ అడిగేది ఒకటే: ఎంతొస్తుంది? దానికి జవాబు దొరకాలంటే ముందు ఇంకో రెండు తేలాలి. ఆ వాయిద్యం ఇంకా శ్రుతిలో నిలుస్తుందా? దాన్ని మీ వీధిలోంచి కొనేవాళ్ల గుమ్మం దాకా చేర్చడానికి ఎంతవుతుంది? ఈ రెండూ తెలిస్తే ధర దానంతట అదే తేలుతుంది. తెలియకుండా చెప్పే ధర ఏదైనా గాల్లో లెక్కే.

వయొలిన్ పాతబడితే విలువ పెరగొచ్చు. పియానోకి ఆ అదృష్టం లేదు. అందులో కొయ్య, ఉన్ని, తోలు, ఉక్కుతో చేసిన వేల చిన్న భాగాలుంటాయి. అవన్నీ అరుగుతాయి, తుప్పు పడతాయి, పురుగు తింటుంది. మన దగ్గర సముద్రపు గాలి కూడా తోడు. కాబట్టి "మా తాతగారి నాటిది, లక్షలు పలుకుతుంది" అన్న మాటని కాసేపు పక్కన పెట్టి పని మొదలెట్టండి.

ముందు పేరు చూడండి, కానీ నమ్మేయకండి

మెట్ల (వేళ్లతో నొక్కే కీస్) మీద మూత ఎత్తితే లోపలి వైపు ఇత్తడి అక్షరాల్లోనో బంగారు రంగులోనో ఒక పేరుంటుంది. అది తయారు చేసినవాళ్ల పేరు కావచ్చు, అమ్మిన దుకాణం పేరూ కావచ్చు. మన ప్రాంతంలో ఈ తికమక మరీ ఎక్కువ. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకని ఇక్కడి బంగళాలకి మద్రాసు నుంచీ పియానోలు వచ్చాయి, కలకత్తా నుంచీ వచ్చాయి. మద్రాసు మౌంట్ రోడ్డు మిస్క్విత్ కంపెనీ (1842లో మొదలైంది, తర్వాత మ్యూజీ మ్యూజికల్ అయింది), కలకత్తా హెరాల్డ్ కంపెనీ లాంటివాళ్లు విదేశీ పియానోలు తెప్పించి తమ పేరుతో అమ్మేవాళ్లు. "మద్రాస్" అని రాసుంది కదా అని అది మద్రాసులో తయారైందనుకోకండి.

పర్లాకిమిడి, గుణుపురం వైపు కెనడియన్ బాప్టిస్టు మిషన్ పనిచేసింది. కోరాపుట్, జయపురం వైపు 1882 నుంచి జర్మన్ లూథరన్ మిషనరీలు ఉన్నారు. మీ ఇంటి పియానో ఏ దొర బంగళా నుంచో, ఏ మిషన్ కాంపౌండ్ నుంచో వేలంలో వచ్చిందని ఇంట్లో పెద్దవాళ్లు చెబితే ఆ కథని తారీఖులతో సహా రాసి పెట్టుకోండి. కొనేవాళ్లకి అది ఇష్టంగా ఉంటుంది. దానివల్ల ధర పెద్దగా పెరగదు గానీ, బేరం త్వరగా తెగుతుంది.

పేరుతో పాటు కనిపించే సంవత్సరాలతో జాగ్రత్త. "1851", "1862" అని పతకాల బొమ్మలుంటే అవి ఆ కంపెనీ ఎగ్జిబిషన్లలో గెలిచిన సంవత్సరాలు. "ఎస్టాబ్లిష్డ్" పక్కనుండేది కంపెనీ పుట్టిన ఏడు. మీ పియానో పుట్టిన ఏడు తెలియాలంటే సీరియల్ నంబరు కావాలి.

లోపల తెరిచి చూడడం

పైమూత ఎత్తండి. ముందు పలకకి లోపలి వైపు రెండు పక్కలా చెక్క గొళ్లేలో, ఇనుప క్లిప్పులో ఉంటాయి. వాటిని తిప్పి, పలకని మీ వైపు వంచి పైకెత్తితే వచ్చేస్తుంది. ఇంకో మనిషి పట్టుకుంటే మంచిది, పాత పలకలు బరువు. కింది పలక తీయడం ఇంకా తేలిక: మెట్ల బల్ల కింద చెయ్యి పెడితే ఒక ఉక్కు బద్ద తగులుతుంది. దాన్ని పైకి నొక్కితే పలక మీ మీదికి వాలుతుంది.

పోత ఇనుప చట్రం మీద గానీ, శ్రుతి పిన్నుల (తీగలు చుట్టి బిగించే ఉక్కు మేకులు) దగ్గర గానీ, పైమూత కింద గానీ నాలుగు నుంచి ఏడు అంకెల నంబరు కనిపిస్తుంది. ఫోటో తీసి పెట్టుకోండి. యమహా, కవాయి, బెక్‌స్టీన్, బ్లూత్‌నర్, స్టెయిన్‌వే, బ్రాడ్‌వుడ్ లాంటి పేర్లకి ఏ నంబరు ఏ ఏటిదో చెప్పే పట్టికలు దొరుకుతాయి. పేరు తెలియని కంపెనీదైతే ఎడమ చివరి మెట్టుని జాగ్రత్తగా పైకి లాగి పక్కన చూడండి. పాతకాలం ట్యూనర్లు (పియానో శ్రుతి చేసేవాళ్లు) అక్కడ పెన్సిల్‌తో పేరూ తారీఖూ రాసే అలవాటుంది. మొట్టమొదటి తారీఖు దొరికితే పియానో అంతకంటే పాతదని తేలినట్టే.

తెరిచినప్పుడే ఇంకో మూడు సంగతులు చూడాలి. కొనేవాళ్లు మొదట అడిగేవి ఇవే.

తీగలు ఎలా బిగించారు? ఎడమ వైపు మందపాటి రాగి తీగలు మిగతావాటి మీదుగా ఏటవాలుగా పోతుంటే అది క్రాస్ స్ట్రింగింగ్. అన్నీ నిలువుగా పక్కపక్కనే ఉంటే పాత పద్ధతి, గిరాకీ తక్కువ.

డ్యాంపర్లు (మెట్టు వదలగానే తీగ మోత ఆపే మెత్తలు) ఎక్కడున్నాయి? తీగల్ని కొట్టే సుత్తుల ముందు పంజరం ఊచల్లా సన్న తీగల వరస కనిపిస్తే ఓవర్ డ్యాంపర్ అన్నమాట. రిపేరు కష్టం. మంచి ట్యూనర్లు కూడా చెయ్యి పెట్టడానికి జంకుతారు. ధర బాగా పడిపోతుంది.

మెట్లు ఎన్ని? ఇప్పటి లెక్క 88. తెల్లవి లెక్కపెడితే 52 ఉండాలి. 50 ఉంటే అది 85 మెట్ల పియానో. ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం (లండన్ సంస్థలు) పెట్టే సంగీత పరీక్షలకి పిల్లల్ని తయారు చేసే తల్లిదండ్రులు 88 అడుగుతారు. చిన్న గ్రేడులకి ఆ మూడు మెట్లతో పనే ఉండదు. చెప్పి చూడండి.

శ్రుతి నిలుస్తుందా?

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇదే. ఫోన్‌లో ఏదైనా ఉచిత ట్యూనర్ యాప్ వేసుకోండి. ఎడమ చివరి నుంచి తెల్లవీ నల్లవీ కలిపి లెక్కపెడుతూ 49వ మెట్టు నొక్కండి. అది 440 హెర్ట్జ్ చూపించాలి. 430 చూపిస్తే కంగారేం లేదు, ఏళ్లుగా ట్యూనింగ్ లేనట్టు. 415 దగ్గరుంటే పూర్తిగా అర స్వరం దిగిపోయింది. దాన్ని ఒక్కసారిగా పైకి లాగితే పాత తీగలు తెగొచ్చు.

మొత్తం సమానంగా దిగిపోవడం పెద్ద జబ్బు కాదు. అసలు జబ్బు వేరే. నడిమి మెట్లకీ పై మెట్లకీ ఒక్కోదానికి మూడేసి తీగలుంటాయి. మూడూ ఒకే స్వరం పలకాలి. ఒక మెట్టు నొక్కితే మూడింట్లో రెండు సరిగ్గా ఉండి ఒకటి ఎక్కడో అడుగున మూలుగుతుంటే ఆ పిన్ను కొయ్యలో వదులైందన్నమాట. అలాంటివి ఒకటీ అరా ఉంటే లావు పిన్నులు వేసి బాగు చేస్తారు. పియానో నిండా ఉంటే పిన్నులు దిగిన చెక్కే పోయింది. ఆ రిపేరు ఖర్చు మామూలు పియానో ధరని మించిపోతుంది. ఇక దాన్ని వాయిద్యంగా అమ్మే ఆశ వదులుకోవచ్చు.

పిన్నులు తిరగడం లేదని ఎవరైనా కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే పోయమంటే దండం పెట్టి పంపేయండి. పిన్ను నిలబడేది కొయ్య పట్టుతోనే. నూనె తగిలితే ఆ పట్టు శాశ్వతంగా పోతుంది.

తర్వాత చూడాల్సినవి త్వరగా అయిపోతాయి. టార్చి వేసి ఇనుప చట్రంలో పగులుందేమో చూడండి, ఉంటే కథ అక్కడితో ముగిసింది. వెనక సౌండ్ బోర్డులో (తీగల మోతని పెంచే పెద్ద చెక్క పలక) సన్న చీలికలు మామూలే, వాయించినప్పుడు బరబరమంటేనే లోపం. సుత్తుల ఉన్ని మీద తీగల గాట్లు ఎంత లోతుగా ఉన్నాయో, చిమ్మట తిన్నదో చూడండి. అడుగున ఎలుక గూడు, చెదల మట్టి, పురుగు రాల్చిన సన్న పొడి ఉన్నాయేమో చూడండి. వానాకాలంలో మెట్లు ఇరుక్కోవడం జబ్బు కాదు, తేమకి ఉబ్బుతాయి, చలికాలానికి సర్దుకుంటాయి. కొనేవాడు మాత్రం దాన్ని పట్టుకునే ధర దించుతాడు. అందుకే ఆగస్టులో చూపించకండి. దసరా వెళ్లాక చూపించండి.

గోపాల్‌పూర్, ఛత్రపురం వాళ్లని కొనేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న: ఫైలిన్ తుపానుకి ఇంట్లో నీళ్లొచ్చాయా? 2013 అక్టోబరు 12న అది గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గజపతి జిల్లా వాళ్లనైతే 2018 తిత్లీ తుపాను గురించి అడుగుతారు. పెడల్స్ వెనక స్ప్రింగుల తుప్పు, అడుగు చెక్క మీద నీటి చార అబద్ధం చెప్పవు. నీళ్లొచ్చుంటే మీరే ముందు చెప్పేయడం మేలు.

ఇన్ని చూశాక కూడా ఒక ట్యూనర్‌కి డబ్బిచ్చి రాత పూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. దగ్గరలో దొరక్కపోతే విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో కోల్‌కతా నుంచో పిలిపించాలి. రానుపోను ఖర్చు మీ ఒక్కరికే బరువు. ఊళ్లో చర్చిలో, కాన్వెంటులో పియానో ఉంటే వాళ్లతో కలిసి పిలిపించండి, సగమైపోతుంది. ఆ ట్యూనర్ "నేనే కొనేస్తాను" అంటే మాత్రం ధర ఆయన చేత చెప్పించుకోకండి.

తెల్ల మెట్లు దంతమా?

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పాత విదేశీ పియానోల తెల్ల మెట్ల మీద ఏనుగు దంతపు రేకులుండేవి. గుర్తు పట్టడం సులువు: రేకు రెండు ముక్కలుగా ఉండి, నల్ల మెట్టు మొదలయ్యే చోట అడ్డంగా సన్న అతుకు గీత కనిపిస్తుంది. వెలుతురులో వంచి చూస్తే కొయ్యలో లాగే సన్నని నారలుంటాయి. ఒకే ముక్కగా, నున్నగా ఉంటే సెల్యులాయిడో ప్లాస్టిక్కో. వేడి సూదితో గుచ్చి చూడమనే సలహాలు వినకండి.

దంతమైతే అది ఆకర్షణ కాదు, చిక్కు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో, 1991లో చేసిన సవరణలతో దేశంలో దంతం వ్యాపారం నిషిద్ధమైంది. విదేశాల నుంచి వచ్చిన ఆఫ్రికా ఏనుగు దంతానికీ అదే వర్తిస్తుంది. 2003లో సుప్రీంకోర్టు కూడా ఆ నిషేధాన్ని సమర్థించింది. "మా తాతల నాటిది, అప్పట్లో చట్టం లేదు" అనే వాదన అమ్మకం దగ్గర నిలవదు. ప్రకటనలో "ఐవరీ కీస్" అని గొప్పగా రాసేవాళ్లున్నారు, అది కేసుని ఇంటికి పిలవడమే. అమ్మకానికి ముందు బరంపురంలోనో పర్లాకిమిడిలోనో డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసర్ కార్యాలయానికి అర్జీ పెట్టి, ఏం చేయాలో రాత పూర్వకంగా తెలుసుకోండి. వాళ్ల జవాబు వచ్చేదాకా రేకులు పీకడం, ఎవరికైనా ఇవ్వడం రెండూ వద్దు.

చట్టాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నూరేళ్లు దాటిన కళా వస్తువులకి పురావస్తువుల చట్టం ఉంది, దేశం దాటించడం కుదరదు. విదేశాల్లో ఉన్న చుట్టాలో, ఆన్‌లైన్‌లో పరిచయమైన వాళ్లో "ఇక్కడికి పంపేయండి" అంటే ముందు మీ పియానో ఆ చట్టం కిందికి వస్తుందో రాదో పురావస్తు శాఖ దగ్గర తేల్చుకోండి.

ధర కట్టడం

ప్రకటనల్లో కనిపించే ధర అడిగే ధర. తెగిన ధర ఎవరూ రాయరు. ముందు మీదాని లాంటిదే, బాగుచేసి శ్రుతి పెట్టినది కోల్‌కతాలోనో బెంగళూరులోనో ఎంతకి అడుగుతున్నారో చూసి రాసుకోండి. అందులోంచి ఒక్కోటీ తీసేస్తూ రండి.

అంకెలు లెక్క కోసం మాత్రమే: బాగుచేసిన దానికి 1,50,000 అడుగుతున్నారనుకుందాం. బేరంలో 20,000 పోతుంది. మీ పియానోని ఆ స్థితికి తేవడానికి ట్యూనర్ 55,000 అన్నాడు. లారీ, మనుషులు, ప్యాకింగ్ 25,000. చేర్చాక రెండుసార్లు ట్యూనింగ్ 8,000. మిగిలింది 42,000. కొనేది వ్యాపారి అయితే అందులో తన లాభం చూసుకుంటాడు, మీకు 20,000 చెబుతాడు. ఇది మోసం కాదు, లెక్కే అంత. నేరుగా వాయించేవాళ్లకి అమ్మితే ఆ తేడా మీది.

జపాన్‌లో తయారైన యమహా, కవాయి పియానోలు ఈ లెక్కలో బాగా పలుకుతాయి. విడిభాగాలు దొరుకుతాయి, ట్యూనర్లకి అలవాటు. పేరు తెలియని లండన్ పియానో, నిలువు తీగలు, ఓవర్ డ్యాంపర్ అయితే లెక్క సున్నా దాటి కిందికి పోతుంది. కొత్త అప్‌రైట్ (గోడవారగా నిలబెట్టే నిలువు పియానో) కొనాలంటే లక్షలు కావాలన్నది నిజమే, దాన్ని చూపించి పాతదానికి ధర అడగలేరు. ఎందుకంటే పిల్లల కోసం కొనేవాళ్ల చేతిలో ఇప్పుడు నలభై యాభై వేలకి బరువు మెట్ల (అసలు పియానోలా బరువుగా నొక్కుకునే) డిజిటల్ పియానో ఉంది. దానికి ట్యూనింగ్ లేదు, చెదలు లేవు, ఇద్దరు మోసుకుపోవచ్చు. మీ పోటీ దానితో.

అందుకే నేను అమ్మేవాళ్లకి చెప్పేది ఒకటే: అమ్మకం కోసం పెద్ద రిపేరు చేయించకండి. పెట్టిన డబ్బు తిరిగి రాదు. ఒక ట్యూనింగ్, ఇరుక్కున్న మెట్లు వదిలించడం, లోపల దుమ్ము దులపడం, అంతే. పైన పాలిష్ కూడా వద్దు, పాత మెరుగు పోతే కళ పోతుంది.

వాయిద్యంగా పనికిరాని పియానోకి ఇంకో రకం గిరాకీ ఉంది: చెక్క పని, ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు, వాల్‌నట్ మెరుపు చూసి కొనే రిసార్టులు, హోటళ్లు, సినిమా సెట్ల వాళ్లు. వాళ్లకి శ్రుతితో పనిలేదు, ఫోటోలో బావుంటే చాలు. "బర్మా టేకు" అనేముందు మాత్రం వెనకా లోపలా చూడండి. చాలా పియానోలకి పైన అతికించిన పల్చటి చెక్క పొరే (వెనీర్) ఉంటుంది.

ఎవరికి, ఎప్పుడు

చర్చిలు, మిషన్ స్కూళ్లు క్రిస్మస్ ముందు కదులుతాయి. అక్టోబరు చివరి నుంచి నవంబరు దాకా వాళ్లని అడగండి. బరంపురంతో ఆగకుండా విశాఖ, శ్రీకాకుళం, భువనేశ్వర్ సంగీత పాఠశాలలకి కబురు పెట్టండి. నిజమైన పాత జర్మన్ పేరున్నదైతే కోల్‌కతా వ్యాపారులకి ఫోటోలు పంపండి. ప్రకటన తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో పెట్టండి. ఒడియా వాక్యాలు పక్కింటివాళ్ల చేత రాయించుకుంటే బావుంటుంది, ఫోన్ అనువాదం నవ్వులపాలు చేస్తుంది.

ఫోటోలు పగటి వెలుతురులో: ఎదురుగా, మూత తెరిచి, పలకలు తీసి లోపల, సీరియల్ నంబరు, సుత్తులు, వెనక భాగం, ఉన్న దెబ్బలు. ఒక వీడియో: ఎడమ నుంచి కుడికి ప్రతి మెట్టూ ఒక్కొక్కటిగా, మధ్యలో ఆపకుండా. బాగా వాయించేవాళ్లని పిలిచి పాట వాయించిన వీడియో కంటే ఇదే నమ్మకం కలిగిస్తుంది. ఎత్తు, వెడల్పు, ఏ అంతస్తులో ఉంది, మేడ మెట్లెన్ని దిగాలి, లారీ గుమ్మం దాకా వస్తుందా కూడా రాయండి. బడా బజార్ లాంటి ఇరుకు సందుల్లో ఇల్లైతే ఈ ఒక్క వాక్యం మీద బేరం ఆగిపోవచ్చు.

ఫోన్ చేసి "ఆజ్ఞా, కేతే నెబే?" (ఎంత తీసుకుంటారండీ?) అని ఒడియాలో అడిగేవాళ్లందరికీ ఒకే ధర చెప్పండి. చూడకుండా తగ్గించకండి. "వచ్చి చూడండి బాబూ, చూశాక మాట్లాడుకుందాం" అంటే సగం మంది అక్కడే ఆగిపోతారు. వచ్చినవాళ్లు నిజంగా కొనేవాళ్లు.

చూడకుండానే అడిగినంతా ఇస్తానని, సైన్యంలో ఉన్నానని, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేస్తే డబ్బు పడుతుందని చెప్పేవాడు దొంగ. డబ్బు మీకు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు. అడ్వాన్సు తీసుకుంటే రసీదు రాయండి: పేరు, సీరియల్ నంబరు, "ఉన్నది ఉన్నట్టుగా" అన్న మాట, ఏ తారీఖులోగా తీసుకెళ్లాలి, తరలింపు ఖర్చు ఎవరిది. తాతల ఆస్తి అయితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల సంతకాలు ముందే తీసుకోండి. లారీ వచ్చాక "అది నాకిస్తానన్నాడు నాన్న" అని ఎవరో ఒకరు గుర్తు చేస్తారు.

మోయడం

అప్‌రైట్ పియానో రెండు వందల కిలోల పైమాటే. బరువంతా వెనక చట్రంలో ఉంటుంది కాబట్టి వెనక్కి తూలుతుంది. ముందు కాళ్లు పట్టుకుని ఎత్తితే విరిగిపోతాయి. కనీసం నలుగురు, మేడ మెట్లుంటే ఆరుగురు, వెడల్పు పట్టీలు, చక్రాల బల్ల కావాలి. దాని సొంత చిన్న చక్రాల మీద వీధిలో తోయకండి. మూతకి తాళం వేసి, రజాయిలు చుట్టి, లారీలో నిలువుగా పక్క గోడకి ఆనించి కట్టండి. తప్తపాణి ఘాట్ మీదుగా వెళ్లే బండైతే ఆ కట్టు రెండింతలు. పైన టార్పాలిన్ తప్పనిసరి, వాన లేకపోయినా.

కొన్నవాళ్లకి ఒక మాట చెప్పి పంపండి: దింపిన వెంటనే ట్యూనింగ్ వద్దు, కొత్త గాలికి అలవాటు పడేదాకా రెండు మూడు వారాలు ఆగాలి. చెప్పకపోతే మర్నాడే "శ్రుతి లేదండీ" అని ఫోన్ వస్తుంది.

ఎవరూ కొనకపోతే

ముందు ఉచితంగా ఇస్తామని చెప్పి చూడండి, మోసుకెళ్లే ఖర్చు వాళ్లది. సండే స్కూలు, అనాథాశ్రమం, వాయించడం నేర్చుకుంటున్న కుర్రాళ్లు ఎవరైనా దొరుకుతారు. అదీ కుదరక పాత ఇనుప సామాన్లవాడికే ఇవ్వాల్సి వస్తే, తీగలు వదులు చేయకుండా చట్రం మీద సుత్తి దెబ్బ వేయనివ్వకండి. ఆ తీగలన్నీ కలిపి లాగే బలం సుమారు 15 నుంచి 20 టన్నులు. కటింగ్ ప్లేయర్‌తో ఒక్కో తీగా తెంపుతూ పోతే అది కళ్లల్లోకి ఎగిరి రావచ్చు, ఒక వైపే బలం మిగిలి చట్రం పగలొచ్చు. ట్యూనింగ్ రెంచితో ప్రతి పిన్నునీ కొద్దికొద్దిగా, ఆ చివర నుంచి ఈ చివరకి రెండు మూడు విడతలుగా వదులు చేయాలి. కళ్లకి అద్దాలు, చేతులకి తొడుగులు ఉండాలి, పిల్లల్ని బయటికి పంపాలి. ట్యూనర్‌కి కొంత ఇచ్చి ఈ పని ఆయన చేతే చేయిస్తే ఇంకా నయం. పనికొచ్చే సుత్తులు, మెట్లు, పెడల్స్ ఆయనే విడిభాగాలుగా పట్టుకెళ్లి కూలి తగ్గించుకుంటాడు.